నయోమమ్మ విశ్వాసానికి రిటైర్మెంటు

లాకులపాలెం బేతేలు సంఘంలో విశ్వాసమంతా ముసలివాళ్ళ దగ్గరే పేరుకుపోయిందని కమిటీ ఒక ఆదివారం నాడు కనిపెట్టింది. అంతకుముందు కూడా పేరుకుపోయే ఉంది గానీ, కనిపెట్టడానికి సిటీ నుంచి ఒక ప్రసంగీకుడు రావలసి వచ్చింది. ఆయన గోడకి తెల్ల దుప్పటి కట్టించి, దాని మీద రెండు బొమ్మలు వేసి చూపించాడు. ఒక బొమ్మలో తెల్లజుట్టు వాళ్ళు మోకాళ్ళ మీద ఉన్నారు. రెండో బొమ్మలో కుర్రాళ్ళు ఫోన్ల మీద ఉన్నారు. "విశ్వాసం ఈ బొమ్మలోంచి ఆ బొమ్మలోకి వెళ్ళాలి. ఎలా వెళుతుంది?" అని గంభీరంగా అడిగి, జవాబు చెప్పకుండానే కోడి పలావు తిని బస్సెక్కేశాడు.

జవాబు చెప్పే బరువు సంఘ కార్యదర్శి సత్యానందం గారి మీద పడింది. పడిందంటే, ఆయనే కింద నిలబడి పట్టుకున్నారు. తాలూకా ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. ఆఫీసు ఆయన్ని వదిలేసింది గానీ ఆయన ఆఫీసుని వదల్లేదు. పప్పులో ఉప్పు తక్కువైతే ఇప్పటికీ భార్యతో "తగు చర్య నిమిత్తం" అనే అంటారు.

"ఇది విశ్వాసం సమస్య కాదండీ, పోస్టింగుల సమస్య," అని కమిటీ మీటింగులో తేల్చి చెప్పారాయన. "మన సంఘంలో ప్రార్థన చేసేది ఎవరు? పెద్దలు. పాట ఎత్తుకునేది? పెద్దలు. సాక్ష్యం చెప్పేది? మళ్ళీ పెద్దలే. పోస్టులన్నీ నిండిపోయి ఉంటే కుర్రాళ్ళు ఎక్కడ చేరతారు? కాబట్టి వాళ్ళు బయట బైకుల మీద కూర్చుంటున్నారు. మనం ఖాళీలు సృష్టించాలి."

"అంటే?" అన్నారు ఎలీషా అయ్యగారు. ఆయన సంఘ కాపరి. చాలా మెత్తటి మనిషి. ఎంత మెత్తనంటే, కమిటీలో ఎవరు ఆనుకున్నా అటు వంగిపోతారు.

"అరవై నిండినవాళ్ళని విశ్వాసం నుంచి గౌరవప్రదంగా రిటైరు చేద్దాం. వాళ్ళ ఇంట్లోని మనవడికో మనవరాలికో ఛార్జి ఇప్పిద్దాం. ఇంటికి ఒక పోస్టు. ఒక పోస్టులో ఇద్దరుండకూడదు."

"మరి తమరికీ అరవై దాటినట్టున్నాయి..."

"పథకాన్ని అమలు చేసే అధికారికి పథకం వర్తించదండీ అయ్యగారూ. వర్తిస్తే అమలు చేసేదెవరు?"

మిగతా సభ్యులకి కూడా అరవై దాటాయి గనక, వాళ్ళందరూ అక్కడికక్కడే అమలు అధికారులైపోయారు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

మొదటి విడతలోనే నయోమమ్మ పేరొచ్చింది.

నయోమమ్మకి డెబ్భై మూడేళ్ళు. లాకులపాలెంలో ఆవిడ ప్రార్థనకి ఉన్న పేరు పేపరుకి లేదు. ఎందుకంటే పేపరు మర్నాడు వస్తుంది, నయోమమ్మ ప్రార్థన అదే రోజు వస్తుంది. శుక్రవారం ఇంటి కూటంలో కళ్ళు మూసుకుని, కొంగు నెత్తి మీదకి లాక్కుని, "ప్రభువా, కుళాయి కాడ నా బిందె పక్కకి నెట్టి తన బిందె పెట్టుకున్న ఆ బిడ్డని క్షమించు తండ్రీ. పేరు నేను చెప్పను, నీలం గేటు ఇల్లు" అని మొదలుపెడితే, ఎవరి కోడలు అలిగింది, ఎవరి గేదె ఈనింది, ఎవరికి షుగరు తేలింది, అన్నీ దేవుడికీ కూటానికీ ఒకేసారి తెలిసిపోయేవి. ప్రార్థన అయ్యాక జనం తిన్నగా జబ్బు మనిషి ఇంటికి పాలో పళ్ళో పట్టుకెళ్ళేవారు. నీలం గేటు ఆవిడ మర్నాడు నయోమమ్మ బిందె తానే ముందు పెట్టేది.

ఈ ప్రపంచంలో నయోమమ్మ తనకంటూ కోరుకున్నది ఒక్కటే. భర్త ఏసుపాదం పోయినప్పుడు, సమాధుల తోటలో ఆయన పక్కన తనకీ జాగా అట్టిపెట్టమని సంఘాన్ని అడిగి, చుట్టూ ఇటుకలు పాతించుకుంది. అప్పుడప్పుడూ వెళ్ళి గడ్డి పీకి వచ్చేది. "అదేం సరదా మామ్మా?" అని మనవరాలు కెజియా అడిగితే, "కట్టుకోబోయే ఇంటి కాడికి వెళ్ళి చూసుకోరంటే జనం? ఇదీ అంతే" అనేది.

రిటైర్మెంటు ఫంక్షను ఘనంగా జరిగింది. నయోమమ్మకి శాలువా కప్పారు, దండ వేశారు, గోడ గడియారం ఇచ్చారు. "విశ్వాస రంగానికి వీరు చేసిన సేవలు చిరస్మరణీయం. వీరి శేషజీవితం విశ్వాసంతో నిమిత్తం లేకుండా ప్రశాంతంగా గడవాలని కోరుకుంటున్నాం," అని సత్యానందం గారు ప్రసంగించారు. జనం చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత నయోమమ్మ బైబిలు, ముందు చాప మీద కూర్చునే చోటు, శుక్రవారం కూటం కెజియాకి అప్పగించారు. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతూ, వెనక బెంచీలో చార్జింగు ప్లగ్గు పక్కన స్థిరపడిపోయిన కెజియా చేత, "విశ్వాసం మంచి కండిషన్లో అందినది" అని మైకులో చెప్పించారు.

మర్నాడు పొద్దున నయోమమ్మ కాఫీ గ్లాసు ముందు పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"తాగు మామ్మా," అంది కెజియా దుప్పట్లోంచి.

"ప్రార్థన లేకుండా ఎట్టా తాగేదే? నాకా అధికారం లేదు. ఛార్జి నీది. లేచి చెయ్యి."

"తొమ్మిదింటికి లేస్తా."

"అప్పటికి చల్లారిపోద్ది."

"చల్ల కాఫీ విజయవాడలో రెండొందలు మామ్మా. ఎంజాయ్ చెయ్యి."

"లేస్తావా, నీళ్ళు పొయ్యనా?"

కెజియా దుప్పటి తియ్యకుండానే, "ప్రభువా, కాఫీ. ఆమేన్," అంది.

"అదేంది, టెలిగ్రామా?" నయోమమ్మ నిజంగానే నొచ్చుకుంది. "పాలు పోసిన గేదె వద్దా? గేదెని మేపే సామ్రాజ్యం వద్దా? సామ్రాజ్యం మొగుడు తాగొచ్చి నిన్న రాత్రి చేసిన గొడవ వద్దా?"

కెజియా దుప్పటి తీసింది. "ఏం గొడవ?"

"నేను ప్రార్థన చెయ్యట్లేదు సుమా. రిటైరయ్యా. ఊరికే వార్తలు చెప్తన్నా."

"ఆ చెప్పు చెప్పు."

అలా రోజూ పొద్దున నయోమమ్మ వార్తలు చెప్పడం, కెజియా వాటి చివర ఆమేన్ తగిలించడం మొదలైంది. శుక్రవారం కూటానికి ఒక కమిటీ సభ్యుడు తనిఖీకి వచ్చి కూర్చున్నాడు. రిటైరైన మనిషి లోపల వంటింట్లోనే ఉందని చూసుకుని తృప్తిపడ్డాడు. కెజియా గొంతు సవరించుకుని, "ప్రభువా, సామ్రాజ్యం అత్త చెయ్యి వాచింది, తలుపు తగిలిందని చెప్తంది, ఆ తలుపు పేరు నేను చెప్పను, రోజూ సాయంత్రం కాలవ లాకుల దగ్గర పేకాడుతుంది," అంది. కూటంలో నలుగురు ఆడవాళ్ళు కళ్ళు తెరిచి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కూటం అయ్యాక ఆ తలుపుని చూసి రావడానికి లాకుల దగ్గరికి బయల్దేరారు. వంటింట్లో నయోమమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

పథకం విజయవంతమైందని కమిటీ నివేదించుకుంది. రెండో విడతలో ఇంకో పదిమందిని రిటైరు చేశారు. రిటైరైన వాళ్ళు ఆదివారం గుడి బయట, కుర్రాళ్ళు వదిలేసిన బైకుల మీద కూర్చోవడం మొదలుపెట్టారు.

అంతా బాగానే ఉండేది గానీ, అంతలో యోనా తాత చచ్చిపోయాడు.

యోనా తాత మొదటి విడతలోనే రిటైరైనవాడు. ఆయనకి భార్య పక్కన జాగా ఉంది. గుంట తవ్వడానికి మనుషులు పలుగూ పారా పట్టుకుని వెళ్ళేసరికి సత్యానందం గారు తోట గేటు దగ్గర నిలబడి ఉన్నారు.

"సమాధి స్థలమంటే క్వార్టర్సు లాంటిదండీ," అని, వెనకే వచ్చిన శవం ఎదురుగా వివరించారాయన. "సర్వీసులో ఉన్నవాళ్ళకే చెందుతుంది. రిటైరైనవాళ్ళు క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి. ఇది సర్కారులో అందరికీ తెలిసిన విషయమే. యోనా గారి పోస్టులో ప్రస్తుతం వారి మనవడు స్టీవెను ఉన్నాడు. జాగా స్టీవెనుది."

ఇరవై రెండేళ్ళ స్టీవెను బిత్తరపోయి చూశాడు. "నేను బతికే ఉన్నా గదండీ."

"అది నీ సౌకర్యం. జాగా మాత్రం నీదే."

"మరి మా తాతని ఏం చెయ్యమంటారు?"

మధ్యాహ్నం ఎండ. శవానికి చల్లిన సెంటు వాసన తగ్గిపోతోంది. అయ్యగారు సత్యానందం గారి వైపు వంగి, తర్వాత స్టీవెను వైపు వంగి, చివరికి గొడుగు వైపు వంగారు. కమిటీ చెట్టు కింద అత్యవసరంగా సమావేశమై, మానవతా దృక్పథంతో, యోనా తాతని తాత్కాలిక ప్రాతిపదికన పూడ్చుకోవడానికి అనుమతించింది. అసలు హక్కుదారు స్టీవెను వచ్చిన నాడు తాత అభ్యంతరం చెప్పకుండా ఖాళీ చెయ్యాలి.

నయోమమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. కెజియా ప్రార్థన చేసినా ముట్టలేదు.

"నా జాగా నీ పేరున పోయింది గదే," అంది. "మీ తాత పక్కన నువ్వు పడుకుంటావు. నేను ఎక్కడ పడుకోవాలే? కాలవగట్టునా?"

"మామ్మా, నాకింకా పెళ్ళే కాలేదు. నాకెందుకు ఆ జాగా?"

"మరి రాజీనామా చెయ్యి."

మర్నాడు ఇద్దరూ సత్యానందం గారింటికి వెళ్ళారు. ఆయన వరండాలో బల్ల వేసుకుని కూర్చుని ఉన్నారు. ఎదురుగా కుర్చీ లేదు. వచ్చినవాళ్ళు కూర్చుంటే పనులు ఆలస్యమవుతాయని ఆయన నమ్మకం.

"అంకుల్, నా విశ్వాసం మా మామ్మకి తిరిగిచ్చేస్తా," అంది కెజియా.

"వీల్లేదమ్మా. రిటైరైనవాళ్ళని మళ్ళీ తీసుకునే నిబంధన లేదు. నీకు అరవై నిండాక నువ్వు రిటైరవ్వచ్చు. అప్పుడు నీ మనవరాలికి ఇస్తావు. మీ మామ్మగారు వరసలో వెనక్కి రారు."

"బాబూ," అంది నయోమమ్మ, "పక్కింటావిడ తోడుకి పెరుగడిగితే గరిటెడు ఇస్తాం. వాళ్ళింట్లో పెరుగు తోడుకుంటది. మన గిన్నెలో పెరుగు మనకుంటది. ఇదీ అట్టాంటిదే గదా?"

సత్యానందం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పెరుగుకి అలా చెల్లుతుందమ్మా. పెరుగుకి కమిటీ లేదు."

"అంకుల్, పోనీ విశ్వాసం నా దగ్గరే ఉంచుకుంటా. జాగా ఒక్కటీ మామ్మకిచ్చేస్తా. నాకు ఇప్పట్లో అవసరం లేదు," అని బేరానికి దిగింది కెజియా.

సత్యానందం గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. పోస్టులో ఉన్న ఉద్యోగి తన క్వార్టర్సులో ముసలి తల్లిదండ్రులని ఉంచుకోవడం సర్వీసులో ఆయన చూసిందే. "ఆధారపడినవారి కోటాలో పరిశీలించవచ్చు," అన్నారు చివరికి. "అయితే జాగా దగ్గరే స్వాధీనం అప్పగింత జరగాలి. ఆదివారం ఆరాధన అయ్యాక. ఇద్దరూ హాజరు కావాలి. నేను కొలతలు తీసుకుని కమిటీకి సిఫార్సు చేస్తాను. కమిటీ కాదంటే కాదే."

ఆదివారం సమాధుల తోట దగ్గర చిన్న తిరునాళ్ళలా ఉంది. రిటైరైన ముసలివాళ్ళందరూ చేతికర్రలతో వచ్చారు. నయోమమ్మకి వస్తే తమకీ వస్తుందని ఆశ. వాళ్ళ మనవళ్ళు కూడా వచ్చారు. స్టీవెను తాత సమాధి వైపు చూడకుండా నిలబడ్డాడు, చూస్తే ఖాళీ చేయించడానికి వచ్చాడని తాత అనుకుంటాడేమోనన్నట్టు. నయోమమ్మ ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని, కొత్తింట్లో పాలు పొంగించడానికి వచ్చిన మనిషిలా వెలిగిపోతోంది.

"ముందు అమ్మాయి పడుకోవాలి," అన్నారు సత్యానందం గారు టేపు విప్పుతూ.

"నేనెందుకంకుల్? పడుకోవాల్సింది మామ్మ గదా?"

"నీ స్వాధీనంలో లేనిది నువ్వు ఎలా అప్పగిస్తావు? కాపురం పెట్టినవాడే ఖాళీ చెయ్యగలడు. ముందు నువ్వు స్వాధీనం చేసుకో. తర్వాత ఖాళీ చెయ్యి. తర్వాత మీ మామ్మగారు."

కుర్రాళ్ళు ఈలలు వేశారు. "కెజియా, గుడ్ నైట్!" అన్నాడెవడో. కెజియా నాలుక బయటపెట్టి, చున్నీ పరిచి, ఏసుపాదం పక్కన ఇటుకల మధ్య వెల్లకిలా పడుకుంది. ఎండ కంట్లో పడుతోందని కళ్ళు మూసుకుంది. ఫోను జారిపోకుండా గుండెల మీద పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసుకుంది.

అప్పటిదాకా నవ్వుతున్న నయోమమ్మ మొహం అలాగే ఆగిపోయింది.

సంఘంలో ఆడవాళ్ళు ఎవరు పోయినా, స్నానం చేయించి, చీర కట్టి, చేతులు అలా గుండెల మీద పెట్టేది తనే. పెట్టాక వేళ్ళు విడిపోకుండా కాసేపు పట్టుకునేది. అక్కడున్న తల్లులందరికీ, అత్తలందరికీ తనే పట్టుకుంది.

"లేవే," అంది.

"కదలకమ్మా, కొలత తప్పుతుంది," అన్నారు సత్యానందం గారు, వంగలేక వంగుతూ. "అయిదడుగుల మూడంగుళాలు. చక్కగా సరిపోయింది."

నయోమమ్మ మోకాళ్ళ మీద దబ్బున కూలబడింది. కొంగు నెత్తి మీదకి వచ్చేసింది.

"ప్రభువా!"

"నయోమమ్మగారూ! మీరు సర్వీసులో లేరు! తమకి..."

"ప్రభువా, ఇదేం చోద్యం తండ్రీ! పచ్చటి పిల్లని మట్టిలో పడుకోబెట్టి టేపెట్టి కొలుస్తన్నారు, నువ్వెట్టా చూస్తన్నావయ్యా? దీన్ని లేపు. దీనికి ఉజ్జోగం ఇయ్యి, మంచి మొగుణ్ణియ్యి, మంచోడు దొరక్కపోతే అసలియ్యకు. దీనికి పిల్లలు పుట్టాలి, ఆ పిల్లలు దీని నెత్తికెక్కి తొక్కాలి, పొద్దున తొమ్మిదింటిదాకా పడుకుంటే నీళ్ళు పొయ్యాలి. దీని పళ్ళన్నీ ఊడి మళ్ళీ కట్టించుకున్నదాకా బతికించు తండ్రీ. తొంభై ఏళ్ళిచ్చినా నేను వద్దనను."

ఇక్కడ ఆవిడ ఊపిరి పీల్చుకుంది. ఈలలు వేసిన కుర్రాళ్ళు తలలు వంచుకున్నారు. కర్రలు పట్టుకున్నవాళ్ళు కళ్ళు మూసుకున్నారు. చాలా వారాలయింది వాళ్ళు ఈ గొంతు విని.

"అన్నేళ్ళూ ఈ జాగా ఉత్తినే పడుంటే గడ్డి మొలుస్తది, మేకలు పడతయ్యి. అంచేత అందాకా నన్ను ఇక్కడ కాపలా ఉంచు. ఈ కర్రల వాళ్ళందర్నీ ఎవరి జాగాలో వాళ్ళని ఉంచు. యోనా బావని పక్క మార్చకు, ఆయనకి నిద్ర తేలిక. నడుం పట్టేసి గూడా మా కోసం ఇంత దూరం వచ్చిన ఈ కార్యదర్శి బాబుని దీవించు. బాబు నడుం బాగుచెయ్యి, బాబు రాత్రిళ్ళు నిద్రపట్టక వరండాలో తిరుగుతాడు, భార్య ఆపరేషను సంగతి ఎవరికీ చెప్పుకోడు. ఆ తల్లికి ఏమీ గాకుండా చూడు. యేసు నామములో అడుగుతున్నాం తండ్రీ..."

"ఆమేన్!"

ముసలివాళ్ళన్నారు, కుర్రాళ్ళన్నారు, కింద పడుకుని ఉన్న కెజియా అంది. అందరికంటే గట్టిగా అన్నది మాత్రం సత్యానందం గారు. కళ్ళు మూసుకుని, టేపు చేతిలో నలిపేస్తూ అన్నారు. కళ్ళు తెరిచేసరికి తోటంతా ఆయన్నే చూస్తోంది.

నయోమమ్మ మనవరాలి చెయ్యి పట్టి లాగి నిలబెట్టి, వీపు మీద మట్టి దులుపుతోంది. అవసరమైన దానికంటే గట్టిగానే దులుపుతోంది.

"అంకుల్," అంది కెజియా దెబ్బల మధ్య, "మీరు కూడా ఆమేన్ అన్నారు."

"అది... అలవాటులో వచ్చింది."

"అలవాటులో పెట్టినా సంతకం సంతకమే గదండీ," అన్నారు ఎలీషా అయ్యగారు. ఆ మాట అన్నది తానేనా అన్నట్టు వెనక్కి తిరిగి చూసుకున్నారు. వెనక ఎవరూ లేకపోయేసరికి ధైర్యం వచ్చి, "కార్యదర్శి గారే ఆమోదించాక ఇక కమిటీ దాకా ఎందుకు? జాగాలన్నీ ఎవరివి వాళ్ళవే. రిటైరైనవాళ్ళు వచ్చే వారం నుంచి లోపల కూర్చోవచ్చు," అనేశారు.

"ఆగండాగండి. అది అనధికార ప్రార్థన. ఆ ఆమేన్‌ని నేను ఉపసంహరించుకుంటున్నాను."

"నడుం బాగవ్వమన్న దానికి గూడానా బాబూ?" అంది నయోమమ్మ. "అమ్మగారి ఆపరేషన్‌కి గూడానా?"

సత్యానందం గారు నోరు తెరిచారు. సెలవులకి, బదిలీలకి, క్వార్టర్సుకి, కుర్చీల ఎత్తుకి కూడా ఆయన దగ్గర నిబంధన ఉంది. ఆమేన్‌ని సగం ఉంచుకుని సగం వెనక్కి తీసుకునే నిబంధన కోసం ఆయన సర్వీసంతా వెతుక్కున్నారు. ముసలివాళ్ళు ఓపిగ్గా ఎదురుచూశారు. వాళ్ళకి వేరే పనేమీ లేదు, రిటైరైనవాళ్ళు గదా. ఆయన నోరు మూసుకుని, నలిగిన టేపు మెల్లగా చుట్టుకుంటూ, ఇటుకల దగ్గరే నిలబడిపోయారు.

"నిలబడితే నిలబడ్డావు గానీ బాబూ," అంది నయోమమ్మ, "కాస్త ఇటు జరుగు. నువ్వు నిలబడ్డది మా ఆయన గుండెల మీద."